సీటు పక్కన ఐసుపెట్టె

జూలై మధ్యాహ్నం, అమెరికాలోని టెక్సస్. నీడలోనే 38 డిగ్రీలు. పందెపు కార్లు ఆగే పిట్‌లో నిలబడ్డ మనిషి ముందు ఒంటికి అతుక్కునే బనియను, లోలాగు వేసుకుంటాడు. వాటి మీద పొరలు పొరలుగా కుట్టిన మందపాటి సూటు వేసి మెడ దాకా జిప్పు లాగుతాడు. మేజోళ్లు, బూట్లు, గ్లవుజులు. తలకు కళ్లు మాత్రమే కనిపించే ముసుగు, ఆపైన హెల్మెట్. ఇంతా తొడుక్కుని, ఏసీ పీకేసిన పాతికేళ్ల నాటి కారులో దూరి, బెల్టులు బిగించుకుని, రెండు గంటలపాటు దిగకుండా నడుపుతాడు. ఇది అతని జీవనోపాధి కాదు. సోమవారం పొద్దున మళ్లీ ఉద్యోగానికి పోవాల్సిన మనిషి.

ఇలాంటి సరదా పందేల్లో బాగా పేరున్నది ‘24 అవర్స్ ఆఫ్ లెమన్స్’. ఫ్రాన్స్‌లో 1923 నుంచి జరుగుతున్న లె మాన్స్ 24 గంటల పందేన్ని ఆటపట్టిస్తూ పెట్టిన పేరిది. దేనికీ కొరగాని కారును అమెరికావాళ్లు ‘లెమన్’, అంటే నిమ్మకాయ అంటారు. జే లామ్ అనే పాత్రికేయుడు 2006లో కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ ట్రాక్ మీద దీన్ని మొదలుపెట్టాడు. కారు 500 డాలర్ల లోపుదై ఉండాలి. పేరులో 24 గంటలున్నా, చాలాచోట్ల శని, ఆదివారాల్లో పగటిపూట గంటల తరబడి సాగుతుంది. నలుగురైదుగురు స్నేహితులు ఒక కారును వంతులవారీగా నడుపుతారు. డ్రైవరు ప్రాణానికి సంబంధించిన సామగ్రి మాత్రం ఆ 500 డాలర్ల లెక్కలోకి రాదు. కారు చుట్టూ పిసినారితనం ఎంతైనా చేసుకోవచ్చు, మనిషి చుట్టూ చేయడానికి వీల్లేదు. ఈ పోటీ నిబంధనల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే.

కారు చెడిపోతే ఆగిపోతుంది, పొగ వస్తుంది, అందరికీ తెలుస్తుంది. లోపల మనిషి వేడెక్కితే మొదట తెలియాల్సిన వాడికే తెలియదు. వేడి ముందుగా దెబ్బతీసేది కండను కాదు, వివేచనను. ‘నేను బాగానే ఉన్నాను’ అని రేడియోలో చెప్పే మాట మీద నమ్మకం పెట్టుకోవడానికి లేకుండా పోయేది అప్పుడే. అందుకే డ్రైవరును చల్లగా ఉంచే పని డ్రైవరు ఒక్కడిదే కాకూడదు.

ముందు చిన్న లెక్క చూద్దాం. పందెం నడిపే మనిషి ఒంట్లో 300 వాట్ల వేడి పుడుతోందనుకుందాం. మూడు 100 వాట్ల బల్బులు ఒంట్లో వెలుగుతున్నట్టు. గంటకు అది దాదాపు 260 కిలోకెలోరీలు. 70 కిలోల మనిషి ఒళ్లు ఒక్క డిగ్రీ పెరగడానికి 60 కిలోకెలోరీలకు అటూఇటూగా చాలు. అంటే ఆ వేడిలో కొంచెమైనా బయటికి పోకపోతే, గంటలో ఒంటి ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలకు పైగా పెరుగుతుంది. 37 ఉన్నది 41 అవుతుంది. నిజానికి కొంత వేడి పోతూనే ఉంటుంది కాబట్టి అంత జరగదు. కానీ ఆ ‘కొంత’ ఎంతన్నదే అసలు సంగతి.

వేడి పోవడానికి మనకున్న పెద్ద దారి చెమట. లీటరు చెమట ఆరిందంటే 580 కిలోకెలోరీల వేడి ఒంటి నుంచి తీసుకుపోతుంది. ఇందాకటి లెక్కలో గంటకు పుట్టే వేడికి అది రెండింతలు. అయితే కారితే కాదు, ఆరితేనే. మట్టికుండలో నీళ్లు చల్లబడేది కుండ చెమర్చినందువల్ల కాదు, ఆ చెమ్మ గాలికి ఆరినందువల్ల. అదే కుండకు ప్లాస్టిక్ సంచి చుట్టి చూడండి, నీళ్లు చల్లబడవు. రెంటచింతల ఎండలో కాలే ఒళ్లు, విశాఖ ఉక్కలో తడిసే ఒళ్లు రెండూ మనకు తెలుసు. విశాఖలో థర్మామీటరు తక్కువే చూపిస్తుంది, అయినా ప్రాణం విలవిల్లాడుతుంది, చెమట ఆరదు కాబట్టి. పందెపు డ్రైవరు సూటు ఆ కుండకు చుట్టిన సంచి లాంటిది. టెక్సస్ పొడి ఎండలో ఉన్నా, సూటు లోపల ఉన్నది ఉక్కే. చెమట గంటకు లీటరు దాకా కారుతుంది. బనియను పిండితే నీళ్లు వస్తాయి. చల్లదనం మాత్రం రాదు.

మరి సూటు ఎందుకు? నిప్పు కోసం. పాత కారు, పెట్రోలు, ఎర్రగా కాలిన పొగగొట్టం ఒకచోట ఉన్నాయి. ఎస్‌ఎఫ్‌ఐ అనే అమెరికా సంస్థ ఈ సూట్లకు స్థాయులు పెట్టింది. 3.2ఎ/1 స్థాయి సూటు చర్మం బొబ్బలెక్కేలా కాలకుండా సుమారు 3 సెకన్లు ఆపుతుంది. 3.2ఎ/5 స్థాయిది 10 సెకన్లు. బెల్టు విప్పి, కిటికీ వల తీసి, కారులోంచి బయటపడటానికి ఆ ఏడు సెకన్ల తేడా చాలా పెద్దది. కాబట్టి పలచటి సూటు వేసుకుందాం, జిప్పు కాస్త దించుకుందాం అనే సలహా ఎవరిచ్చినా వినకూడదు. సూటును నీళ్లతో తడుపుకోవడం కూడా అలాంటిదే. మంటలో ఆ తడి ఆవిరై ఒంటినే కాలుస్తుంది. సూటు ఉండి తీరాలి, వేడి పోవాలి. ఈ చిక్కుముడి చుట్టూనే మిగతా తెలివంతా తిరుగుతుంది.

అన్నిటికన్నా చవకైన చల్లదనం, వేడిని లోపలికి రానివ్వకపోవడం. బరువు తగ్గించడానికి ఈ కార్లలో తివాచీలు, అట్టలు, నురుగు పొరలు అన్నీ పీకేస్తారు. అవి వట్టి సోకు కాదని, కింద పోయే పొగగొట్టపు సెగను ఆపేవని పీకేశాక తెలుస్తుంది. వట్టి రేకు మీద పెట్టిన మడమ బూటులోంచే చురుక్కుమంటుంది. ఇంజనుకూ మనిషికీ మధ్య ఉండే ఇనుప గోడలో పాత తీగలు, గొట్టాలు తీసేసిన చోటల్లా బెజ్జాలు ఉంటాయి. ఒక్కో బెజ్జం ఒక్కో పొయ్యినోరు. వాటిని రేకుముక్కలతో మూసి, పొగగొట్టానికి వేడి ఆపే పట్టీ చుట్టి, నేల కింద మెరిసే కవచపు రేకు ఒకటి కొంచెం ఎడంగా బిగించి, పాదాల కింద దళసరి మెత్త వేస్తే సగం పని అయినట్టే. ఇంటి డాబా మీద సున్నం వేయించే మనకు కారు పైకప్పుకు తెల్లరంగు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఇదే విషయం మన లారీ డ్రైవర్లు పుస్తకాలు చదవకుండానే చెప్పగలరు. పాత లారీల్లో ఇంజను మూత క్యాబిన్లోనే ఉంటుంది, డ్రైవరు ఎడమ కాలి పక్కన. ఆ మూత మీద గోనెపట్టాలు, దుప్పట్లు మడిచి వేసుకునేది ఆ సెగకే. ఉత్తర, దక్షిణాల మధ్య వేసవిలో సరుకు తోలే మనిషికి చల్లటి క్యాబిను ఉండాలన్న నియమం అమల్లోకి రావడానికి 2025 దాకా పట్టింది. ఇప్పుడు కొత్తగా తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిను తప్పనిసరి. పందెం ఆడేవాడు సరదాగా రెండు గంటలు భరించేది, లారీ డ్రైవరు ఏళ్ల తరబడి భరించాడు.

పాత కారుతో ఇంకో చిక్కుంది. ఇంజను వేడెక్కుతుంటే చలికాలపు హీటరును పూర్తిగా తిప్పి వదలడం మెకానిక్కులందరికీ తెలిసిన చిట్కా. హీటరు కూడా చిన్న రేడియేటరే కాబట్టి ఇంజను వేడిలో కొంత తీసుకుంటుంది. తీసుకుని ఎక్కడ పోస్తుంది? డ్రైవరు మోకాళ్ల మీద. కారును కాపాడటానికి మనిషిని ఉడికించే ఈ చిట్కా వాడే జట్లు ఉన్నాయి. పందెం పోయినా సరే, ఆ పని చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

తరవాత గాలి. పక్క అద్దం స్థానంలో పలక బిగించి, అందులో గాలి లోపలికి వచ్చే దారి పెట్టి, గొట్టంతో డ్రైవరు ఛాతీ వైపు తిప్పుతారు. హెల్మెట్ పైకప్పుకు గొట్టం కలిపి, చిన్న ఫ్యానుతో వడగట్టిన గాలిని ముఖం మీదికి పంపే ఏర్పాటూ ఉంది. ముఖానికి గాలి తగిలితే ప్రాణం లేచొస్తుంది, అద్దం మీద ఆవిరి పట్టదు. అయితే బయటి గాలి మన చర్మం కన్నా వేడిగా ఉన్నప్పుడు, అంటే 35 డిగ్రీలు దాటాక, ఆ గాలి ఒంటి వేడిని తీసుకోదు. చెమట ఆరిన మేరకే మేలు. సూటు కప్పిన ఒంటికి అదీ అంతంతే. పైగా గాలి ఎక్కడినుంచి వస్తుందో చూసుకోవాలి. కారు పరుగులో ఉన్నప్పుడు వెనకవైపు గాలి సుడితిరిగి, సందుల్లోంచి పొగను లోపలికి లాక్కొస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మగత దాని గుర్తులు. వడదెబ్బ గుర్తులూ అవే. అమెరికా నాస్కార్ పందేల డ్రైవరు రిక్ మాస్ట్ ఈ విషవాయువు దెబ్బకు ఆరోగ్యం పాడై 2002లో ఆటకే దూరమయ్యాడు. తల నొస్తోందని డ్రైవరు అంటే ‘ఎండ’ అని సరిపెట్టకుండా, కారు వెనక సందులూ పొగగొట్టపు అతుకులూ చూడాలి. ఈ వాయువును పట్టే చిన్న యంత్రం ఇళ్లలో వాడేదే, చవకగా దొరుకుతుంది.

ఇక ఐసుపెట్టె. ఒంటికి చల్లటి నీళ్ల గొట్టాలు చుట్టాలన్న ఆలోచన 1960ల మొదట్లో బ్రిటన్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో, వేడెక్కే కాక్‌పిట్లలో కూర్చునే పైలట్ల కోసం రూపుదిద్దుకుంది. తరవాత చంద్రుడి మీద నడిచిన అపోలో వ్యోమగాములు సూటు లోపల అలాంటి గొట్టాల చొక్కానే వేసుకున్నారు. చెమట ఆరే వీలు లేని చోట వేడిని బయటికి మోసుకుపోవడానికి నీళ్లను మించినది దొరకలేదు. చంద్రుడి మీద పనికొచ్చిన ఆ ఉపాయమే ఇప్పుడు 500 డాలర్ల కారులో ఉంది.

చూడటానికి చాలా మామూలు వస్తువు. బిగుతు చొక్కా మీద, ఛాతీకీ వీపుకూ పాములా మెలికలు తిరిగేలా సన్నటి ప్లాస్టిక్ గొట్టం కుట్టి ఉంటుంది, మొత్తం పొడవు 15 మీటర్ల దాకా. నడుము దగ్గర రెండు కొసలు బయటికి వస్తాయి. సీటు పక్కనో వెనకో విహారయాత్రలకు తీసుకెళ్లేలాంటి ఐసుపెట్టె. అందులో ఐసు, కొంచెం నీళ్లు, పడవల్లో అడుగు నీళ్లు తోడటానికి వాడే 12 వోల్టుల చిన్న పంపు. స్విచ్ వేస్తే చల్లనీళ్లు చొక్కాలోకి పోయి, ఒంటి వేడిని పట్టుకుని, తిరిగి పెట్టెలోకి వచ్చి ఐసు మీద పడతాయి. చొక్కా ఎవరిది వారిదే, పెట్టె అందరిదీ. డ్రైవరు మారినప్పుడు గొట్టం కొసలు ఊడదీసి కొత్త మనిషికి తగిలిస్తారు. ఆ కొసలు లాగితే ఊడిపోయేవి, ఊడగానే నీళ్లు కారకుండా మూసుకుపోయేవి అయి ఉండాలి. మంటల్లో దిగే మనిషిని గొట్టం పట్టి ఆపకూడదు.

బడిలో చదువుకున్న గుప్తోష్ణం ఇక్కడ అక్కరకొస్తుంది. గ్రాము ఐసు కరగడానికి 80 కెలోరీలు కావాలి. 10 కిలోల ఐసు పూర్తిగా కరిగితే 800 కిలోకెలోరీలు మింగుతుంది. మన డ్రైవరు ఒంట్లో రెండు గంటల్లో పుట్టేది 520. కాగితం మీద చాలినంత ఉంది. కానీ పెట్టె ఉన్నది 50 డిగ్రీల క్యాబిన్లో. గొట్టాలు పోయేదీ ఆ సెగలోంచే. మనిషి వేడితో పాటు కారు వేడినీ ఐసే మింగాలి. అందుకే పెట్టె గోడలు మందంగా ఉండటం, గొట్టాలకు నురుగు తొడుగు వేయడం ఐసు కొనడమంత ముఖ్యం. ఐదు కిలోల చిన్న పెట్టె పెట్టి రెండు గంటలు ఆశపడితే, రెండో గంటలో దెబ్బతింటారు.

మొదటిసారి పెట్టె నింపేవాళ్లు దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పంపు మునగాలి కదా అని కొళాయి నీళ్లు మూడు లీటర్లు పోస్తారు. ఎండకు కాగిన కొళాయి నీళ్లు 30 డిగ్రీలు ఉన్నాయనుకోండి, అవి చల్లబడటానికే 90 కిలోకెలోరీలు పోతాయి. అంటే కారు కదలకముందే కిలోకు పైగా ఐసు హరించుకుపోయింది. ముందురోజే చల్లబరిచిన నీళ్లు పోస్తే ఆ కిలో మిగులుతుంది. నలగ్గొట్టిన ఐసు కన్నా పెద్ద గడ్డలు నెమ్మదిగా కరుగుతాయి, పలుకులు పంపు నోట్లో అడ్డుపడటమూ తక్కువ. కొందరు సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి పెడతారు. అడ్డు పడేదేమీ ఉండదు, కరిగాక తాగడానికీ పనికొస్తాయి. ఇన్ని చూసి ఆఖరికి పెట్టెను నేలకు గట్టిగా బిగించకపోతే మాత్రం అంతా వృథా. ప్రమాదంలో 15 కిలోల పెట్టె ఎగిరి తలకు తగలడం ఏమిటో ఊహించుకోవచ్చు.

ఈ ఏర్పాటు చెడిపోయే తీరు కూడా తెలిసి ఉండాలి. బెల్టు గట్టిగా బిగించగానే గొట్టం నడుము దగ్గర నొక్కుకుపోతుంది. గాలి బుడగ చేరితే పంపు తిరుగుతుంది కానీ నీళ్లు కదలవు. బెల్టు బిగించాక, కారు కదిలేముందు, ఛాతీ మీద చల్లటి గీత ఒక్కో మెలికా పాకుతూ వస్తోందా అని డ్రైవరు గమనించుకోవాలి. రాకపోతే అప్పుడే చెప్పాలి. అన్నిటికన్నా మోసకరమైనది ఐసు అయిపోవడం. పంపు ఆగదు కదా. పెట్టెలో నీళ్లు మెల్లగా క్యాబిను వేడికి చేరతాయి. చల్లదనం కోసం వేసుకున్న చొక్కా వేడినీళ్ల గొట్టాల చొక్కా అవుతుంది. స్విచ్ ఆపేస్తే సరిపోతుంది, కానీ అప్పటికే తల దిమ్మెక్కిన మనిషికి ఆ చిన్న పని తట్టదు.

మరీ చల్లగా ఉన్నా మేలు కాదు. గడ్డకట్టే నీళ్లు చర్మానికి తగిలితే కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి. లోపలి వేడిని చర్మం దాకా తెచ్చేది రక్తమే కాబట్టి, పైన వణుకు, లోపల సెగ అన్నట్టు అవుతుంది. అందుకే అనుభవజ్ఞులు పంపును కొంతసేపు నడిపి, కొంతసేపు ఆపుతారు. ఐసు కూడా ఎక్కువసేపు వస్తుంది.

తాగే నీళ్ల గురించి అందరూ చెప్తారు, ఉప్పు గురించి తక్కువమంది చెప్తారు. లీటరు చెమటలో దాదాపు గ్రాము సోడియం పోవచ్చు. రోజంతా వట్టి నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి, అదే ఒక ప్రమాదమవుతుంది. ముందురోజు నుంచే ఉప్పేసిన మజ్జిగ తాగే మన అలవాటు ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. ఎంత తాగాలో తెలుసుకోవడానికి మంచి సాధనం బరువు తూచే యంత్రం. కారెక్కేముందు ఒకసారి, దిగి తడిబట్టలు తీశాక ఒకసారి తూగితే, తగ్గిన కిలోకు లీటరు చొప్పున చెమట లెక్క తేలుతుంది. బరువులో నూటికి రెండు వంతులు తగ్గితే చురుకుదనం మందగిస్తుంది.

వివేచన ముందు పోతుందన్న మాటకు సాక్ష్యం కావాలంటే 2023 అక్టోబరులో ఖతార్‌లో జరిగిన ఫార్ములా వన్ పందెం చూడండి. రాత్రిపూట జరిగింది, గంటన్నరలో అయిపోయింది, పాల్గొన్నవాళ్లు ప్రపంచంలోకెల్లా బాగా కసరత్తు చేసిన డ్రైవర్లు. లోగన్ సార్జెంట్ మధ్యలోనే మానుకున్నాడు. ఎస్టబాన్ ఓకాన్ హెల్మెట్‌లోనే వాంతి చేసుకున్నాడు. లాన్స్ స్ట్రోల్ వేగంగా మలుపులు తిరిగేటప్పుడు స్పృహ తప్పుతున్నట్టు ఉందన్నాడు. అయినా దాదాపు అందరూ చివరిదాకా నడిపారు! ఆ తరవాత ప్రపంచ మోటారు క్రీడల సంఘం 2025 నుంచి, అంచనా వేసిన వేడి సూచీ 31 డిగ్రీలు దాటితే కార్లలో శీతల ఏర్పాటు ఉండాలని నియమం పెట్టింది. ఆ ఏడాది అక్టోబరులో సింగపూర్ పందేనికి ఈ వేడి హెచ్చరికను మొదటిసారి ప్రకటించింది. కోట్ల ఖర్చు చేసే ఆటలో ఇది 2025 నాటి కొత్త ముచ్చట. ఐసుపెట్టె బిగించుకున్న సరదా జట్లు దీన్ని అంతకు చాలా ముందే వాడాయి.

వడదెబ్బ విషయంలో మనలో పాతుకున్న ఒక నమ్మకం సరిదిద్దుకోవాలి. ఒళ్లు పొడిబారితేనే వడదెబ్బ అనుకుంటాం. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో ఒళ్లు చెమటతో తడిసే ఉండొచ్చు. చూడాల్సింది మనిషి తీరును. కారు దిగి తడబడుతున్నాడా, అడిగినదానికి పొంతన లేకుండా చెప్తున్నాడా, కారణం లేకుండా కసురుతున్నాడా. అప్పుడు అంబులెన్సుకు ఫోను చేసి, అది వచ్చేదాకా చూస్తూ కూర్చోకూడదు. సూటు విప్పి, పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ తొట్టి ఉన్నా సరే, ఐసునీళ్లలో మెడ దాకా కూర్చోబెట్టి పట్టుకోవాలి. 2001లో ఎండలో సాధన చేస్తూ చనిపోయిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ పేరుతో కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో నడిచే సంస్థ ఏళ్లుగా చెప్తున్నది ఇదే: ముందు చల్లబరచండి, తరవాత తరలించండి. మొదటి అరగంటలో ఒళ్లు చల్లబడితే బతికే అవకాశం చాలా ఎక్కువ.

అక్కడిదాకా రాకుండా ఆపగలిగేది పిట్ గోడ దగ్గర హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి. ‘ఎలా ఉన్నావు’ అని అడిగితే ‘బాగున్నా’ అనే వస్తుంది. అందుకని అలా అడగకూడదు. నూనె పీడనం ఎంత చూపిస్తోంది, పోయిన రౌండులో ఐదో మలుపు దగ్గర ఏ జెండా ఊపారు అని అడగాలి. జవాబు ఆలస్యమైతే, రెండుసార్లు అడగాల్సి వస్తే, రౌండు సమయాలు కారణం లేకుండా పెరుగుతుంటే, ఇంకా నలభై నిమిషాల వంతు ఉందని చూడకుండా లోపలికి పిలవాలి. పిలిస్తే రావాలన్నది పొద్దున పందెం మొదలుకాకముందే, అందరి తలా చల్లగా ఉన్నప్పుడే ఒప్పుకుని ఉండాలి. కారు ఆగుతుంది. గాలి ఆగిపోయిన క్యాబిను కొలిమిలా ఉంటుంది, కాబట్టి ముందు వల తీసి, గొట్టం లాగి, మనిషిని దించుతారు. మరొకరు పెట్టె మూత ఎత్తి లోపలికి చెయ్యి పెట్టి చూస్తారు. వేళ్లకు గడ్డలు తగిలితే ఒక మాట. ఉత్త నీళ్లే తగిలితే కొత్త ఐసు పడేదాకా తరవాతి డ్రైవరు బయటే నిలబడతాడు.